వంటింటి వెనక తలుపు

సంగటి తిప్పేటప్పుడు కట్టె మధ్యలో వదిలితే గడ్డ కడుతుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, నాకు ఏ పని చెప్పాలన్నా సరిగ్గా అప్పుడే చెబుతారు. కాదనడానికి చెయ్యి కూడా ఖాళీ ఉండదు కదా. ఆ ఆదివారం మా ఆయన నడవలో నిలబడి, వంటింటి గడప దాటకుండా, గోడకు చెబుతున్నట్టు చెప్పారు.

"వచ్చే శనివారం వాచనాలయం వార్షికోత్సవంలో నన్ను భాషణ చెయ్యమన్నారు. వియత్నాంలో చూడదగినవి, అక్కడి జనజీవనం. హెడ్మాస్టరు ఈరప్ప పట్టిన పట్టు విడవలేదు. మన ఊరి పిల్లోళ్ళు ఇద్దరు అక్కడి ఆఫీసుకు పోతాండారంట, వాళ్ళకు పనికొస్తాదంట. ఒక పది పుటలు రాసిపెట్టు. నాకు పురుసొత్తు లేదు."

"ఏం రాయాల?" అన్నాను.

"ఏముండాది దాంట్లో? చూసినవి రాయి."

ఎవరు చూసినవి అని నేను అడగలేదు. అడగకపోయినా చేతిలో కట్టె ఒక్క క్షణం ఆగింది. ఆ రోజు సంగటిలో ఒక గడ్డ వచ్చింది. అది సరిగ్గా మా ఆయన ముద్దలోకే పోయింది. "బి.ఏ. చదివిన దానికి సంగటి చేసేది రాదు" అని ఆయన తమ్ముడికి వినబడేలా అన్నారు. నాకు కోపం రాలేదు. నేను అప్పటికే భయంలో మునిగి ఉన్నాను, కోపానికి చోటు లేదు.

భయం ఎందుకో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి పోవాలి. యాభై ఎనిమిదిలో మా ఆయన్ను సైగాన్ వేశారు. వియత్నాంను రెండుగా చీల్చి యుద్ధం ఆపిన తరువాత, ఇరుపక్షాలూ మాట తప్పకుండా చూడటానికి మన దేశం పెద్దరికంలో ఒక కమిషన్ పెట్టారు. అందులో మా ఆయన స్టెనో. ఇరుపక్షాలూ మాట తప్పుతూనే ఉండేవి, మా ఆయన దాన్ని మూడు ప్రతులు టైపు చేస్తూనే ఉండేవారు. ఆయన ఇంగ్లీషులో తప్పులు రాత్రి నేను దిద్దేదాన్ని, అది వేరే కథ. నన్ను వెంట తీసుకుపోయింది కూడా నా మీద ప్రేమతో కాదు, ఆయన కడుపు మీద ప్రేమతో. పరదేశం తిండి పడదని అత్తమ్మ ఏడిస్తే, కచేరిలో నాలుగు అర్జీలు పెట్టి నన్నూ, ఒక మూట రాగిపిండినీ తీసుకుపోయారు. విమానంలో మూట బరువు తూచారు. నన్ను తూచలేదు.

సైగాన్‌లో మాది ఒక సందులో కింది అంతస్తు ఇల్లు. రోజూ ఉదయం ఎనిమిదికి మా ఆయన వీధి తలుపు మూసి బయటినుంచి తాళం వేసేవారు. బెంగుళూరులో కొన్న ఇత్తడి తాళం, అరచెయ్యంత ఉండేది. "నీ మంచికేనే. ఇది మన చింతామణి కాదు. యాడ ఎవడు తిరుగుతాంటాడో ఎవరికి తెలుసు" అనేవారు. సాయంత్రం అయిదుకు వచ్చి తీసేవారు. ఆదివారం ఆయన క్లబ్బులో పేకాటకు పోయేవారు కాబట్టి ఆదివారం కూడా తాళమే. పదకొండు నెలల్లో రెండుసార్లు జీపులో తీసుకుపోయి అక్కడి అరవవాళ్ళు కట్టుకున్న మారెమ్మ గుడి చూపించారు. రెండోసారి జీపు దిగనివ్వలేదు.

ఆయనకు తెలియనిది ఒక్కటే. ఆ ఇంటి వంటింటికి వెనక ఒక తలుపు ఉంది. నేను దాచలేదు. తలుపును ఎవరైనా ఎక్కడ దాస్తారు? పదకొండు నెలలు ఆ ఇంట్లో తిని పడుకున్న మనిషి ఒక్కసారి కూడా వంటింట్లో అడుగు పెట్టలేదు, అంతే.

ఆ తలుపు తియ్యడానికి నాకు పదహారు రోజులు పట్టింది. రోజూ పొద్దున వెనక సందులో ఒక ఆడమనిషి కేక వినిపించేది. పదిహేడో రోజు గడియ తీసి వేలెడు సందులోంచి చూశాను. ఒక ముసలామె భుజాన కావడి. కావడికి ఒకవైపు బుట్టలో మండుతున్న పొయ్యి, దాని మీద ఉడుకుతున్న చారు. రెండోవైపు బుట్టలో గిన్నెలు, ఆకుకూర, మనం ఇంట్లో ఒత్తుకునే బియ్యం శావిగలలాంటివే శావిగలు. నేను పుట్టిన పరగోడులోగానీ మెట్టిన చింతామణిలోగానీ ఆడది వంటింట్లో ఉండటమే చూశాను. వంటిల్లు ఆడదాని భుజమెక్కి ఊరు తిరగడం అదే మొదటిసారి చూడటం. ఆమె నన్ను చూసి, నా చీర చూసి, అరవంలో "ఏమ్మా, ఊరికి కొత్తా?" అంది. వేలెడు సందును మూరెడు చేశాను. పుదుచ్చేరినుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఇంట్లో ఇరవై ఏళ్ళు వంట చేసిందట. బెంగుళూరు హాస్టల్లో నేర్చుకున్న నా వచ్చీరాని అరవం ఆ సందులో నాకు ప్రాణం పోసింది.

ఆమెను అందరూ బా హై అనేవారు. బా అంటే అవ్వ, హై అంటే రెండు. అక్కడ పేరు కన్నా పుట్టిన వరసే పిలుపు. కానీ ఆమె ఇంటికి పెద్ద బిడ్డ. మొదటి బిడ్డ అని తెలిస్తే దయ్యాల కన్ను పడుతుందని మొదటిదాన్నే రెండోది అంటారట. దయ్యాలకు లెక్కలు రావన్న ధైర్యం.

వారానికి మూడు రోజులు, తాళం పడగానే పోయి మూడున్నరకు తిరిగి వచ్చేదాన్ని. ప్రతి రోజూ భయపడ్డాను. భయపడకుండా ఒక్క గడప కూడా దాటలేదు. ఒకసారి మా ఆయన తలనొప్పని మూడున్నరకే వచ్చారు. వీధి తలుపు తాళంలో చెవి తిరుగుతున్న చప్పుడు, నేను వెనక తలుపు గడియ పెడుతున్న చప్పుడు ఒకేసారి అయ్యాయి. నా తలమీద బా హై ఇచ్చిన తాటాకు టోపీ, మన చేట కన్నా పెద్దది, శంకు ఆకారంలో ఉంటుంది. దాన్ని బియ్యం డబ్బా మీద బోర్లించి, కాఫీ పెట్టాను. నా చేతులు వణికి సగం కాఫీ ఒలికింది. "చెయ్యి నేరుగా ఉండదు నీకు" అన్నారు ఆయన. అంతే. ఆ టోపీని చింతామణికి కూడా తెచ్చాను. ఆయన దాన్ని వంటింటి సామాను అనుకున్నారు. మా వంటింట్లో పెరట్లోకి పోయే తలుపుకు ఉన్న మేకుకు తగిలించి ఉంటుంది.

సైగాన్‌నుంచి వచ్చాక కూడా భయం తగ్గలేదు, పేరు మార్చుకుంది. దాని పేరు జయలక్ష్మమ్మ. నా తోడికోడలు. మేము సైగాన్ పోకముందే పక్కింటి ఆడవాళ్ళతో కలిసి చెప్పకుండా చిక్కబళ్ళాపురంలో సినిమా చూసి వచ్చింది. ఒక్క సినిమా, అదీ సగం. మరిది నోరు మెదపలేదు. ఇంటికి పెద్దవాడిగా మా ఆయనే ఆమెను మంచేనహళ్ళిలో పుట్టింటి ముందు దించి వచ్చారు. నాలుగేళ్ళయింది. ఇంకా పిలవలేదు. ఒక సినిమాకు నాలుగేళ్ళయితే, పదకొండు నెలల సైగాన్‌కు ఎన్నేళ్ళో నేను అప్పుడప్పుడూ లెక్క కడుతుంటాను. ఆయుష్షు చాలదు.

అందుకే మొదట క్షేమమైన భాషణే రాశాను. కొత్త నోటుపుస్తకంలో, గుండ్రటి అక్షరాలతో. ఆ దేశం పొడవు, వెడల్పు, నదులు, వరి, రబ్బరు. బడిపిల్లల భూగోళంలో ఉండేదంతా. రాసి చదువుకుంటే నాకే నిద్ర వచ్చింది. ఆ పది పుటల్లో ఒక్క మనిషి లేదు. బా హై లేదు. నేను లేను. ఇదే చదివేస్తే ఇక అదే నిజమైపోతుంది అనిపించింది. నా బతుకులో నాదైన ఒక్క ఏడాది ఎగుమతులు, దిగుమతుల కింద పూడిపోతుంది.

మరుసటి రోజు అత్తమ్మ నిద్రపోయే వేళ, మా ఆయన ఆఫీసునుంచి తెచ్చుకున్న కాగితాలు తీశాను. పైన కమిషన్ ముద్ర, దాని కింద అంతా ఖాళీ. వాటి మీద రెండోది రాయడం మొదలుపెట్టాను. ఎవరికి చూపించాలని కాదు. నాలుగు మధ్యాహ్నాలు రాశాను. వాకిట్లో కుక్క మొరిగినా కాగితాలు ఒడిలోకి పోయేవి. అంత భయంలోనూ చెయ్యి మాత్రం ఆగలేదు.

శనివారం మూడు గంటలకు ఆ కాగితాలను ధాన్యం గాదెలో దాచేద్దామని పెట్టెలోంచి తీశాను. అంతలో అత్తమ్మ జడ వెయ్యమని పిలిచింది. నోటుపుస్తకం, కాగితాలు రెండూ పెట్టె మీద పెట్టి పోయాను. నేను తిరిగి వచ్చేసరికి మా ఆయన కోటు తొడుక్కుని పెట్టె దగ్గర ఉన్నారు. ఎడమ చేతిలో నోటుపుస్తకం, కుడి చేతిలో కాగితాలు. ఆయన ఏదీ చదవలేదు. నేను రాసింది ఆయన ఎప్పుడూ ముందుగా చదవరు, సంతకం పెట్టడమే అలవాటు. ముద్ర ఉన్న కాగితాలను వెలుతురుకు పట్టి చూశారు.

"ఇది బాగుండాది. ఆఫీసు కాగితం. గౌరవంగా ఉంటాది" అని వాటిని కోటు జేబులో పెట్టుకున్నారు.

చెప్పడానికి నాకు చాలా సమయం దొరికింది. ఆయన చెప్పులు తొడుక్కునేంత, జట్కా వచ్చేంత, ఇంటినుంచి వాచనాలయం దాకా పోయేంత.  భయం వల్లనే చెప్పలేదని మొదట అనుకున్నాను. జట్కా మలుపు తిరిగేటప్పుడు తెలిసింది, చెప్పకపోవడానికీ భయానికీ సంబంధం లేదు.

మగవాళ్ళకు బెంచీలు, ఆడవాళ్ళకు ఎడమవైపు చాపలు. బల్ల దగ్గర తాలూకాకు పెద్ద అధికారి అమల్దారుగారు, పక్కన హెడ్మాస్టరు. నా పక్కన అత్తమ్మ, ఒళ్ళో తాంబూలం సంచి. మా ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"వియత్నాం పోయేవాళ్ళు మొదట చూడవలసింది మార్కెట్టు గడియారం కాదు, నది కాదు. ఒక ముసలామె కావడి."

హెడ్మాస్టరు తల పంకించారు. మా ఆయన ముఖంలో చిన్న ఆశ్చర్యం కనబడింది, కానీ అది సభకు నచ్చిందని తెలిసి సంతోషంగా ముందుకు పోయారు. శావిగల చారు గురించి చదివారు. పడవల ముక్కుకు రెండు కళ్ళు గీస్తారనీ, దారి చూడాల్సింది పడవేనని వాళ్ళ నమ్మకమనీ చదివారు. మారెమ్మ గుడిలో ఆ దేశపు ఆడవాళ్ళు రాతి గోడకు నుదురు ఆనించి కష్టం చెప్పుకుంటారనీ, పూజారి కన్నా గోడ ఓపిగ్గా వింటుందనీ చదివారు. చాపల మీద నవ్వులు. ఆయన ఛాతీ పొంగింది. నేను చీర కొంగు పిడికిట్లో నలిపి నలిపి తాడు చేసేశాను. రెండో కాగితం కింది సగంలో ఏముందో నాకు తెలుసు.

"ఇవన్నీ చూడటానికి పోయే దారి. ఉదయం ఎనిమిదికి వీధి తలుపుకు బయటినుంచి తాళం పడేది. తాళం చప్పుడు అయ్యాక నూరు లెక్కపెట్టి, వంటింటి వెనక తలుపు..."

ఆగిపోయారు.  మా ఆయన కళ్ళు కాగితం మీదనే ఉన్నాయి, పెదవులు మాత్రం తరువాతి వాక్యాన్ని లోపల చదువుకుంటున్నాయి. నీళ్ళు తాగారు. తరువాతి కాగితం తిప్పారు. అందులో కూడా నేనే ఉన్నాను. దాని తరువాతిది చూశారు. అందులోనూ నేనే. ఆపేస్తే, ఇది తాను రాసింది కాదని అమల్దారు ముందు చెప్పాలి. పదకొండు నెలల్లో తాను చూసింది పేకముక్కలే అని చెప్పాలి. ఆయన మళ్ళీ చదవడం మొదలుపెట్టారు. ఈసారి మూడు ప్రతులు టైపు చేసే మనిషి గొంతుతో.

కొత్త సంవత్సరానికి వారం ముందు వంటింటి దేవుణ్ణి సాగనంపుతారని చదివారు. ఆ దేవుడు పైలోకానికి పోయి, ఏడాదంతా ఆ ఇంటి వంటింట్లో జరిగిందంతా చెప్పేస్తాడు, అందుకే చెడు చెప్పకుండా ముందుగా తీపి పెడతారు. పొయ్యికి ఉండే మూడు రాళ్ళు ముగ్గురు మనుషులని వాళ్ళ కథ. ఒక ఆడది, ఆమె మొదటి మొగుడు, రెండో మొగుడు.

చాపల మీద గాజులు ఒక్కసారిగా గలగలమన్నాయి. అత్తమ్మ వక్క నమలడం ఆపింది.

"వీనికి పొయ్యికి రాళ్ళెన్నో యాడ తెలుసే?" అంది నెమ్మదిగా. ఆ తరువాత నా మణికట్టు పట్టుకుంది. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా. "మునిలక్ష్మీ. యాడికి పోతాంటివే నువ్వు?"

 పట్టిన చెయ్యి వదల్లేదు.

చప్పట్లు బాగా పడ్డాయి. అమల్దారుగారు ముచ్చటపడి ఒక ప్రశ్న వేశారు. "రామచంద్రప్పా, అక్కడ సైకిలు రిక్షాలో కూర్చునేవాళ్ళు ముందు ఉంటారు, తొక్కేవాడు వెనక ఉంటాడు అన్నావు. బండ్లు, లారీలు అన్నీ మన ముఖం మీదికే వస్తాయి కదప్పా. భయం వెయ్యదా?"

  మా ఆయన ఆ బండి ఎప్పుడూ ఎక్కలేదు. నుదుటి చెమట తుడుచుకుని, పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి సభలో చాపలవైపు, నావైపు చూశారు. ఆయన చూసిన వైపే అమల్దారు చూశారు. అమల్దారు చూసిన వైపే అందరూ చూశారు.

ఊరుకుంటే ఆయన పరువు పోతుంది. దానికి ఇంట్లో నేను జవాబు చెప్పాలి. మాట్లాడితే నా గుట్టు పోతుంది. దానికీ నేనే చెప్పాలి. ఎటు పోయినా నా నెత్తిమీదికే కదా అనుకుంటే, ఆ బండి ముందు సీటులో కూర్చున్నట్టే అనిపించింది. లేచి నిలబడ్డాను. అత్తమ్మ చెయ్యి జారిపోయింది.

"వేస్తాదండీ" అన్నాను. "మొదటిసారి నేను కండ్లు మూసుకున్నాను. మూసుకుంటే ఊరు కనబడలేదు. అందుకని తెరిచినాను. భయం అట్లనే ఉండింది, ఊరు మాత్రం కనబడింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హెడ్మాస్టరు ఈరప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నన్నూ, బల్ల మీది కాగితాలనూ మార్చి మార్చి చూశారు.

జట్కాలో మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అరిచే మనిషి అరవకపోతే ఎంత భయమో ఆ రోజు తెలిసింది. ఇంటికి వచ్చి చీర కూడా మార్చకుండా పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, పిండి పోసి కట్టె పట్టుకున్నాను. ఆకలి వేళకు సంగటి లేకపోతే దానికి వేరే మాట పడాలి. లోపల గదిలో పెట్టె తెరిచిన చప్పుడు, ఇనుప సామాను కదిలిన చప్పుడు. తరువాత అడుగులు నడవ దాకా వచ్చాయి. ఆగలేదు. గడప దాటాయి.

మా ఆయన వంటింట్లో నిలబడి ఉన్నారు. చేతిలో సైగాన్ తాళం. చూరు తగులుతుందేమోనని తల కొంచెం వంచారు, ఎక్కడ కాలు పెట్టాలో తెలియనట్టు నీళ్ళ బిందెకూ రోలుకూ మధ్య ఇరుక్కున్నారు.

"రేపు పొద్దున పరగోడు దిక్కు బస్సు ఉండాది. అంతదాకా కాలు బయట పెట్టొద్దు" అన్నారు. గొంతు పెంచలేదు. "ఈ వంటింటికి వెనక తలుపు యాడ ఉండాది?"

 అత్తమ్మ గడప మీద కూలబడి కొడుకును చూస్తోంది. ఆయన పుట్టింది ఈ ఇంట్లోనే. ముప్పై ఆరేళ్ళుగా ఈ పొయ్యి మీద ఉడికిందే తింటున్నారు.

"అమ్మా, నిన్నే అడిగేది. తలుపు యాడ?"

అత్తమ్మ నావైపు చూసింది. పైకప్పువైపు చూసింది. సంచి విప్పి ఒక వక్క నోట్లో వేసుకుని, నమలడంలో పడింది.

ఆయన గోడలు వెతుకుతున్నారు. కళ్ళు ఉట్టి మీదికి, గాదె మీదికి, తాటాకు టోపీ మీదికి పోయి, టోపీని దాటి ముందుకు పోయాయి. సంగటి చిక్కబడుతోంది, ఇక నిమిషం కూడా ఆపకూడదు.   కట్టెను గిన్నెలోంచి తియ్యకుండానే, పిడిని ఆయన ఖాళీ చేతిలో పెట్టి వేళ్ళు మూశాను.

"తిప్పతా ఉండండి. నిలిపితే గడ్డ కడతాది."

ఏం చెయ్యాలో తెలియక ఆయన ఒక చుట్టు తిప్పారు. ఒక చేతిలో తాళం, ఒక చేతిలో కట్టె. నేను పోయి మేకుకున్న టోపీ తీసుకున్నాను. వెనక తలుపు ఎక్కడుందో మా ఆయన అప్పుడు చూశారు, నేను దాన్ని తీస్తుంటే.